ఎక్స్‌రేకి ఒక్క మనిషి చాలు!

సిబ్బంది కొరత ఒక వరం!

ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండి, ఒంట్లో జ్వరం లేకుండా రాస్తున్నాను. ఏ ఆఫీసుకి వెళ్లినా, ఏ కౌంటరు ముందు నిలబడినా "మనుషుల్లేరండీ" అనే మాట వినపడగానే మీరు పళ్లు నూరుతారని నాకు తెలుసు. ఇకనుంచి నూరకండి. ఇద్దరు చేసే పనిని ఒక్కరి నెత్తిన పెట్టడంలో ఎంత గొప్పతనం ఉందో ఈ మహమ్మారి పుణ్యమా అని నాకు తెలిసొచ్చింది. తెలిశాక కూడా మీకు చెప్పకపోతే నేను కాలమిస్టుని ఎలా అవుతాను?

నీ అర్హతలేమిటయ్యా అని అడగవచ్చు. మా ఆవిడ పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియను. ఇంతకన్నా ఏం కావాలి? మా అపార్ట్‌మెంటులో సగంమంది తమ స్కాను ఫిల్ములు తెచ్చి నాకే చూపిస్తున్నారు. మొన్న కింది ఫ్లాటాయన దూరంగా నిలబడి, ఫిల్ముని ఎండకెత్తి పట్టుకుని, "నాకు ఎనిమిది వచ్చిందండీ, మా బావమరిదికి ఆరే!" అని గర్వంగా చెప్పాడు. ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో చెప్పే స్కోరది. తక్కువొస్తేనే మంచిదని చెప్పి ఆయన సంతోషాన్ని చెడగొట్టడం నాకిష్టం లేకపోయింది. "బాగా వచ్చిందండీ, మీకు ఫొటోలు కలిసొస్తాయి" అన్నాను. ఫిల్ము తలకిందులుగా పట్టుకున్నాడని కూడా చెప్పలేదు.

మా ఆవిడ మాత్రం ఇలాంటివాళ్లకి ఒక్క ముక్క చెప్పదు. "రిపోర్టు డాక్టరుగారు చెబుతారండీ" అంటుంది. అది వాళ్ల పనిలో పద్ధతట. లోపల ఏం కనపడినా టెక్నీషియన్లు మొహంలో చూపించకూడదు, నోట చెప్పకూడదు. పెళ్లయిన కొత్తలో నాకు దగ్గొచ్చి ఎక్స్‌రే తీయించుకుంటే నాకూ అదే చెప్పింది. కట్టుకున్న మొగుడికి!

ఇంతకీ ఆస్పత్రిలో ఎక్స్‌రే విభాగం ఎక్కడుంటుందో మీలో ఎంతమందికి తెలుసు? మెట్లు దిగాలి. స్టోరు రూము దాటాలి. విరిగిపోయిన చక్రాల కుర్చీలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ వసారా దాటాలి. గోడమీద బాణం గుర్తులు అయిపోయినచోట ఎవరినైనా అడగాలి. వాళ్లకీ తెలియదు. అప్పుడు మీరు సరైన దారిలోనే ఉన్నారని అర్థం. ఆ గదికి కిటికీలుండవు. గోడల్లో సీసం పోశారు గనక ఫోను సిగ్నలు కూడా రాదు. బయట వానపడుతోందో, ఎండకాస్తోందో వచ్చే పేషెంటు గొడుగు చూసి తెలుసుకోవాలి. ఇంత ప్రశాంతత ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

కనపడకపోవడంలో ఉన్న సుఖం అంతా ఇంతా కాదు. ఆ మధ్య జనమంతా సాయంత్రం పూట బాల్కనీల్లోకి వచ్చి డాక్టర్లకీ, నర్సులకీ చప్పట్లు కొట్టారు కదా. సరిగ్గా ఆ వేళకే మా ఆవిడ డ్యూటీ దిగి వీధి మలుపు తిరిగింది. రెండు వైపులా చప్పట్లు. ఎవరో గొప్పవాళ్లు వస్తున్నట్టున్నారని వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. సరే, ఊరికే వెళ్లిపోతే బాగుండదని సంచీ కింద పెట్టి తనూ కొట్టింది. పై అంతస్తు ఆవిడ కిందికి వంగి, "మీరు కూడా వెళ్లాలా అండీ? అక్కడ ఫొటోలే కదా తీసేది?" అని జాలిపడింది. "అవునండీ. నవ్వమని అడగం, అంతే తేడా" అంది మా ఆవిడ.

ఆ ఫొటో ఎలా తీస్తారో ఇప్పుడు చెప్పాలి. లేకపోతే ఒక్క మనిషి చాలన్న నా సిద్ధాంతం మీకు బోధపడదు.

రోగం అంటుకున్నవాళ్లని కిందికి తీసుకురాకూడదు గనక, ఎక్స్‌రే మిషనే చక్రాల మీద వార్డుకి వెళ్తుంది. దాని పేరు ఏనుగు. ఆస్పత్రి పెట్టిన పేరు కాదు, దాన్ని తోసేవాళ్లు పెట్టుకున్నది. ఒక్కో పేషెంటూ గాజు తలుపున్న గదిలో ఉంటాడు. ఏనుగుని గదిలోకి తోస్తే ప్రతిసారీ తొండం నుంచి తోక దాకా కడగాలి. అందుకని అది వసారాలోనే ఆగుతుంది, గాజు తలుపులోంచే ఫొటో తీస్తుంది. రోగం అంటకుండా ఒళ్లంతా కప్పే కిట్టు తొడుక్కున్న ఒక మనిషి లోపలికి వెళ్లి, పేషెంటుని లేపి కూర్చోబెట్టి, వీపు వెనక ఫొటో పడే ప్లేటు పెట్టి పట్టుకుంటారు. రెండో మనిషి బయట మిషను దగ్గరుంటారు. లోపల ముట్టుకున్నవాళ్లు బయట దేన్నీ ముట్టుకోకూడదు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. గాజులోంచి మాట వినపడదు గనక అంతా సైగలే. అరచెయ్యి ఎత్తితే ఆగమని. పిడికిలి గుండెకి ఆనిస్తే పేషెంటు ఊపిరి బిగపట్టాడని, వెంటనే బటన్ నొక్కమని. లోపలివాళ్లు చూపించాలి, బయటివాళ్లు నొక్కాలి. బిగపట్టిన ఊపిరి ఎంతసేపు నిలుస్తుంది? అందులోనూ ఆ పేషెంట్లకి?

మా ఆవిడతో జంటగా పనిచేసే ఆయన్ని ఆస్పత్రి మొత్తం బావగారూ అంటుంది. జుట్టు నెరిసిన మనిషి. పేషెంట్లనీ, వార్డు బాయ్‌లనీ, చివరికి ఏనుగుని కూడా "ఏం బావా" అని పలకరిస్తాడు గనక ఆ పేరొచ్చింది. మా ఆవిడకి పని నేర్పింది ఆయనే. ఆమెకి బావగారైతే నాకు అన్నగారన్నమాట. నాకు తోబుట్టువులు లేరు. ఇంత వయసొచ్చాక ఆస్పత్రివాళ్లు నాకొక అన్నయ్యని ఉచితంగా ఇచ్చారు. ఇప్పటిదాకా మొహం చూసుకోలేదుగానీ, నా కాలమ్ వచ్చిన రోజున తప్పకుండా కబురు పంపేవాడు. "మా తమ్ముడు ఈ వారం కాస్త తక్కువ అబద్ధాలు రాశాడే, ఒంట్లో బాగానే ఉందా?"

గదిలోకి ఎప్పుడూ ఆయనే వెళ్లేవాడు. మా ఆవిడ వంతులు వేసుకుందామంటే వినలేదు. "నువ్వు బయటుండు అమ్మాయ్. ఇంట్లో నీకో రచయిత ఉన్నాడు. వాడికి నీళ్లు కాచుకోవడం కూడా రాదని నువ్వే చెప్పావు" అనేవాడు. ఇది అన్యాయం. నాకు నీళ్లు కాచడం వచ్చు. పొయ్యి వెలిగించడం దగ్గరే ఇబ్బంది.

ఈ కబుర్లన్నీ మా ఆవిడ నాకు ఫోనులోనే చెప్పేది. నాకు రోగం అంటకూడదని ఇంట్లో ముందుగది ఆమెది, వెనకగది నాది, మధ్యలో మూసిన తలుపు. గుమ్మం దగ్గర బయటినుంచి తెప్పించిన భోజనం పెట్టి నేను వెనక్కి వస్తే, ఆమె తలుపు తీసి తీసుకునేది. తలుపు అటుపక్కనుంచి ఆమె నవ్వు ఒకసారి, ఫోనులోంచి అదే నవ్వు ఇంకోసారి వినపడేది. ఒక్క నవ్వు రెండుసార్లు వినడం ఎంతమంది మొగుళ్లకి దక్కుతుంది?

అంతా ఇలా సజావుగా సాగుతూండగా సూపరింటెండెంటు గారి దృష్టి ఎక్స్‌రే మీద పడింది. ఆయన ఆ ఆస్పత్రికి పెద్ద తల. ఒకరోజు చేతులు వెనక్కి కట్టుకుని వసారాలో నడుస్తూ, బయట మా ఆవిడనీ, లోపల బావగారినీ చూసి ఆగిపోయారు.

"ఒక్క ఫొటోకి ఇద్దరు మనుషులా?" అన్నారు. "పెళ్లిలో ఒక్క ఫొటోగ్రాఫరు వెయ్యిమందిని తీస్తాడు కదమ్మా!"

అప్పుడే బయటికొచ్చిన బావగారు, "పెళ్లికూతురు ఊపిరి బిగపట్టక్కర్లేదు కదండీ" అన్నాడు.

ఈ విషయంలో, పెళ్లయినవాడిగా, బావగారితో నేను ఏకీభవించలేను. అయినా సూపరింటెండెంటు గారు ఆ మాట చెవిన వేసుకోలేదు. మర్నాడే ఆర్డరు వచ్చింది. మిషనుకి ఒక్కరే. మిగిలిన రెండో మనిషి, అంటే బావగారు, పెద్ద గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ల నుదుటికి జ్వరం గన్ను పెట్టాలి. గేటు వార్డు కాదు గనక అక్కడ కిట్టు అక్కర్లేదు, గుడ్డ మాస్కు చాలు. దగ్గేవాళ్లందరూ ముందు దగ్గేది గేటు దగ్గరే కదా అని అడగకండి. అలాంటి ప్రశ్నలు వేసేవాళ్లవల్లే దేశాలు వెనకబడిపోతున్నాయి.

ఇక ఒంటి మనిషి పద్ధతిలోని అందం చూడండి! మా ఆవిడ ముందు కిరణాలు తగలకుండా సీసపు కోటు వేసుకుంటుంది. దానిమీద కిట్టు. లోపలికి వెళ్తుంది. పేషెంటుని లేపి కూర్చోబెట్టి ప్లేటు పెడుతుంది. బయటికొస్తుంది. ఆ చేతులతో మిషను ముట్టుకోకూడదు గనక కిట్టు విప్పుతుంది, చేతులు కడుగుతుంది. ఈలోగా పేషెంటు పక్కకి ఒరుగుతాడు. ప్లేటు జారుతుంది. బటన్ నొక్కితే సగం ఊపిరితిత్తి, ఒక మోచెయ్యి, మంచం కమ్మీ పడతాయి. మళ్లీ కొత్త కిట్టు. మళ్లీ లోపలికి. వ్యాయామం కోసం జిమ్ముకి వెళ్లేవాళ్లు ఇది గమనించాలి. కిట్లు కుట్టే ఫ్యాక్టరీలకి చేతినిండా పని. మా ఆవిడ చెమటకి లోపలి బట్టలు పిండుకుంటే బకెట్టు నిండేది. వరసలో చివర ఉన్న పేషెంటు సంగతి మరీ బాగుంటుంది. అతని వంతు వచ్చేసరికి నయమైపోయి ఉంటాడు, లేదా ఎక్స్‌రేతో పని లేకుండా పోయి ఉంటాడు. ఎటు చూసినా ఒక ఫిల్ము ఆదా!

దీన్ని మిగతా రంగాలకి ఎందుకు విస్తరించకూడదు? క్రికెట్‌లో బంతి వేసినవాడే పరిగెత్తుకుంటూ వెళ్లి వికెట్ల వెనక పట్టుకోవచ్చు. నిచ్చెన ఎక్కినవాడే కిందికొచ్చి నిచ్చెన పట్టుకోవచ్చు. ఇద్దరు మోసే మంచాన్ని ఒక్కడే మోస్తే రెండో కొస దానంతటదే వెనకాల వస్తుంది, నేల మీద నాలుగు గీతలు పడితే పడతాయి. పెళ్లిళ్లలో కూడా ఒక్కరే ఉంటే సగం గొడవలు తగ్గిపోతాయి.

ఇలా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుండగా బావగారికి జ్వరం వచ్చింది.

గేటు దగ్గర తన నుదుటికి తనే గన్ను పెట్టుకుని చూసుకుని, "ఇక నేను లోపలికి వెళ్లాలి బావా" అని పక్కనున్న గార్డుకి గన్ను అప్పగించాడట. రెండు రోజుల్లో గాజు గదిలో, ఆక్సిజను పెట్టుకుని పడుకున్నాడు.

మా ఆవిడ ఏనుగుని తోసుకుంటూ వెళ్లి ఆ గది ముందు ఆగింది. గాజులోంచి ఆయన్ని చూసి, కిట్టు సంచీ చింపబోయింది. ఆయన చూశాడు. అరచెయ్యి ఎత్తాడు, ఆగమని. మందులివ్వడానికి లోపలికి వెళ్తున్న నర్సు చేతికి ప్లేటు ఇచ్చి పంపమని సైగ చేశాడు. నర్సు ప్లేటు మంచం మీద పెట్టి పక్కగదిలోకి వెళ్లిపోయింది. అప్పుడు బావగారు లేచి కూర్చున్నాడు. తన వీపు వెనక తనే ప్లేటు దోపుకున్నాడు. ఆక్సిజను గొట్టం రొమ్ము మీద అడ్డం లేకుండా పక్కకి తప్పించాడు. భుజాలు ముందుకి వంచాడు. పిడికిలి తెచ్చి గుండెకి ఆనించాడు. లోపలి మనిషీ ఆయనే, పేషెంటూ ఆయనే. మా ఆవిడ బటన్ నొక్కింది.

ఒక్కసారికే వచ్చింది. మిషను తెర మీద చూసింది. ఊపిరితిత్తులు నల్లగా కనపడాలి. దూది పరిచినట్టు తెల్లగా ఉన్నాయి.

గదిలోంచి బావగారు ఫోను చేశాడు.

"ఎలా వచ్చింది అమ్మాయ్?"

"బాగా వచ్చింది బావగారూ. ఒక్కసారికే వచ్చింది."

"ఫిల్ము సంగతి నాకెందుకు? నేను పెట్టిన ప్లేటేగా, బాగానే వస్తుంది. లోపలెలా ఉందీ అని."

మా ఆవిడ తెర వైపు ఇంకోసారి చూసింది. తర్వాత, "రిపోర్టు డాక్టరుగారు చెబుతారండీ" అంది.

అటునుంచి నవ్వు, ఆ నవ్వు వెంటే దగ్గు. "ఆ ముక్క నీకు నేర్పింది నేనే కదే పిచ్చిదానా" అన్నాడు బావగారు.

ఆరోజు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి ఫోను పెట్టేసింది. ఏడుస్తున్నట్టు తలుపు ఇవతలికి వినపడింది. తలుపు తీయవద్దని నియమం పెట్టింది తనే. నేను తలుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

అయితే పాఠకులారా, సూపరింటెండెంటు గారు మనలాగా బెంబేలెత్తే మనిషి కాదు. పేషెంటు తన ప్లేటు తనే పెట్టుకున్నాడని వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా! ఆ ఒక్కరు కూడా పూర్తిగా అక్కర్లేదు!" అన్నారు. వెంటనే ఇంకో ఆర్డరు. ఇకమీదట పేషెంట్లందరూ ప్లేట్లు తామే పెట్టుకుని సహకరించవలెను.

ఎంత దూరదృష్టి! పేషెంటు తన ప్లేటు పెట్టుకోగా లేనిది, తన బీపీ చూసుకోలేడా? తన మంచం తను తోసుకోలేడా? ఆంబులెన్సు కూడా తనే నడుపుకుంటూ వచ్చి, లోపల పడుకుని, సైరను వేసుకోవచ్చు. ఆపరేషను కాస్త కష్టం. ఒక అద్దం ఇప్పిస్తే అదీ అలవాటవుతుంది.

పేషెంట్లు మనస్ఫూర్తిగా సహకరించారు. ఒకాయన ప్లేటుని ఒడిలో పెట్టుకుని దానిమీద పేపరు చదువుకున్నాడు. ఒకాయన తలకింద పెట్టుకుని నిద్రపోయాడు, ఆయన మెదడు ఎలా ఉందో అందరూ చూశారు. ఒక పెద్దావిడ ఆ ప్లేటు తనకే ఇచ్చారనుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దుప్పటికింద గట్టిగా పట్టుకుని పడుకుంది. తిరిగి ఇమ్మంటే మా ఆవిడ మీద కేకలేసింది.

బావగారు మాత్రం తన ప్లేటు తను పెట్టుకుంటూనే ఉన్నాడు. రోజురోజుకీ పిడికిలి గుండె దాకా రావడానికి ఎక్కువసేపు పడుతోందని మా ఆవిడ చెప్పేది. నేను ఆ వారం కాలమ్ రాయలేదు. మొహమైనా చూడని అన్నయ్య కోసం ఇంత బెంగ ఏమిటని నన్ను నేనే కసురుకున్నాను. బెంగ వినలేదు.

ఒక ఉదయం బావగారికి ఉన్నపళంగా ఊపిరి అందకుండా పోయింది. డాక్టరు వెంటనే ఎక్స్‌రే అడిగారు. మా ఆవిడ ఏనుగుని పరుగులు పెట్టించింది. గాజు అవతల బావగారు కళ్లు తెరిచి చూశాడు, చెయ్యి మాత్రం లేవలేదు. ఇక ఆమె ఆలోచించలేదు. మిషను సరిచేసి సిద్ధంగా పెట్టి, కిట్టు తొడుక్కుని లోపలికి వెళ్లింది. ఆయన్ని లేపి, తన భుజానికి ఆనించుకుని, రెండో చేత్తో ప్లేటు వీపు వెనక పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు అర్థమైంది ఆమెకి. బటన్ బయట ఉంది. వదిలేసి వెళ్తే ఆయన పడిపోతాడు. వదలకపోతే నొక్కేవాళ్లు లేరు. డాక్టరు పక్కగదిలో ఇంకో ప్రాణం కాపాడే పనిలో ఉన్నారు. నర్సు ఆయనతోనే ఉంది. ఆ వసారాకి ఒక్క నర్సు చాలని అంతకుముందు వారమే తేల్చారు.

అప్పుడు వసారాలో చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ సూపరింటెండెంటు గారు వచ్చారు!

మా ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ప్లేటు మోచేత్తో అదిమిపెట్టి, చెయ్యి బయటికి తీసి, బొటనవేలు కిందికి నొక్కుతూ సైగ చేసింది. నొక్కండి, నొక్కండి! సూపరింటెండెంటు గారు చూశారు. సిబ్బందికి తనమీద ఇంత అభిమానం ఉందని ఆయన అనుకోలేదు. ఆయన కూడా నవ్వి, చెయ్యి ఊపారు.

మా ఆవిడ అరిచింది. మాస్కులోంచి, గాజులోంచి ఏం వినపడుతుంది? పిడికిలితో గుండె మీద కొట్టుకుంది. ఆయన కూడా ఉదారంగా గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. అప్పుడు బావగారి తల ఆమె భుజం మీదినుంచి జారింది.

అది చూశాక సూపరింటెండెంటు గారి మొహంలో నవ్వు పోయింది. మిషను వైపు చూశారు, లోపలికి చూశారు, మళ్లీ మిషను వైపు చూశారు. ఇద్దరెందుకో అప్పుడు తెలిసింది ఆయనకి. ఒక్కసారిగా వెనక్కి తిరిగి, ఆ పొడుగాటి ఖాళీ వసారాలో "ఎవరైనా ఉన్నారా? ఒక్క మనిషి కావాలి! ఒక్క మనిషి!" అని కేకలేస్తూ పరిగెత్తారు. ఎవరుంటారు? ఆయన ఆర్డర్లన్నీ తు.చ. తప్పకుండా అమలవుతున్న ఆస్పత్రి అది.

తిరిగొచ్చి, తనే నొక్కారు. బావగారు దగ్గుతున్నప్పుడు నొక్కారు గనక బొమ్మ చెదిరింది. మా ఆవిడ గాజులోంచి ఒక చూపు చూసింది. కిట్టులోంచి కళ్లే కనపడతాయిగానీ అవి చాలు. రెండోసారి ఆమె తల ఊపేదాకా ఆగి, అప్పుడు నొక్కారు. వచ్చింది.

కుడి ఊపిరితిత్తి పక్కన గాలి చేరి దాన్ని నలిపేస్తోంది. పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చిన డాక్టరు తెర చూస్తూనే లోపలికి దూకి, పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే వేసి లాభం లేకపోయేదట. బావగారు బతికాడు. చాలా రోజులకి ఇంటికి కూడా వెళ్లాడు. మెట్లు ఎక్కలేడు, నాలుగు మాటలకోసారి ఆగుతాడు, ఏనుగుని ఇక తోయలేడు. అయినా ఉన్నాడు.

ఇక సూపరింటెండెంటు గారు ఊరుకుంటారా? బావగారు ఇల్లు చేరిన వారం తిరక్కుండా మీటింగు పెట్టారు. ఎంతో లోతుగా పరిశీలించిన మీదట, ఎక్స్‌రే పనికి తాను స్వయంగా ఒక కొత్త విధానం కనిపెట్టానని చెప్పారు. దాని పేరు జంట విధానం. లోపల ఒకరు, బయట ఒకరు! చప్పట్లు మోగిపోయాయి. పూలగుత్తి ఇచ్చారు. పేపర్లో ఫొటో వచ్చింది, నా కాలమ్ పక్కనే. ఆ ఫొటో తీయడానికి ఇద్దరు వచ్చారట, ఒకరు కెమెరాతో, ఇంకొకరు లైటు పట్టుకుని.

మర్నాడు మా ఆవిడ సంబరంగా డ్యూటీ బోర్డు చూడటానికి వెళ్లింది. కొత్త విధానం అక్షరాలా అమలైంది. లోపలి మనిషి అన్నచోట ఆమె పేరుంది. బయటి మనిషి అన్నచోట కూడా ఆమె పేరే ఉంది. అడిగితే, "మనుషుల్లేరమ్మా. వస్తారు" అన్నారు.

నేను ఈ పేజీలో ఇంతసేపూ పొగిడింది దీన్నే. పొగడటం నాకు చేతనైన పని గనక పొగిడాను. నిజానికి నాకు భయంగా ఉంది. రేపు ఆ గాజు అవతల ఆమె కళ్లు తిరిగి పడిపోతే, ఇవతల నిలబడి చూసేవాళ్లు కూడా ఉండరు. డాక్టరుగారు చెప్పాల్సిన రిపోర్టు కాదిది, నేనే చెబుతున్నాను. అక్కడ రెండో మనిషిని వేయండి.

నిన్న సాయంత్రం నా ఫోను మోగింది. మా ఆవిడ ఫోను ఎత్తడం లేదని బావగారు నాకు చేశాడు. ఆయన గొంతు వినడం నాకు అదే మొదటిసారి.

"తమ్ముడూ... బోర్డు సంగతి విన్నాను. లోపలామె ఎలా ఉంది? బయటామె ఎలా ఉంది?"

"లోపలామె వచ్చింది అన్నయ్యా. భోజనం కూడా చేయకుండా నిద్రపోయింది. బయటామె ఇంకా రాలేదు."

"రాగానే నాకు చెప్పు" అన్నాడు బావగారు. "సైగలు... నేర్పించాలి కదా."

ఆ తర్వాత ఏదో అనబోయి ఆగాడు. ఆయనకి ఊపిరి అందేదాకా నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను.